గుండ్రబల్ల ప్రమాణంలో పేరు లేని వాళ్లు

ఆర్థర్ రాజు, ఆయన కొలువులోని నైట్ల కథలు మన దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులకు ఏదో ఒక రూపంలో తగులుతూనే ఉంటాయి. టెన్నిసన్ కావ్యంగానో, పిల్లల బొమ్మల పుస్తకంగానో, సినిమాగానో. బడిలో స్కౌట్లుగా ఉన్నవాళ్లకు ఇంకో దారిలో కూడా అందాయి. బేడెన్ పవెల్ 1908లో స్కౌట్ల కోసం రాసిన పుస్తకంలో ఆర్థర్ నైట్ల నియమావళిని పిల్లలకు ఆదర్శంగా చూపించాడు. బలహీనుల పక్షాన నిలబడటం, ఆడవాళ్లను గౌరవించడం, ఇచ్చిన మాట తప్పకపోవడం - ఇవి నైట్ల గుణాలన్న పేరు అలా దేశదేశాలకీ పాకింది.

ఈ గుణాలు చెడ్డవని మేం అనబోవడం లేదు. శరణన్నవాణ్ని చంపకూడదన్న నియమం ఎక్కడున్నా మంచిదే. మా ప్రశ్న వేరు. ఆ ప్రమాణం చేసినవాళ్లు ఎవరు? ఎవరి విషయంలో చేశారు? ఎవరి ఊసు అందులో లేదు? అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో మనకొక కొలబద్ద ఇచ్చారు. కులం ఉన్నచోట నీతి కూడా కులానికే కట్టుబడిపోతుందని, దయాదాక్షిణ్యాలు తనవాళ్ల గడప దగ్గర ఆగిపోతాయని ఆయన వాదం. ఇంగ్లండులో పుట్టిన ఒక కల్పిత వీరబృందం ప్రమాణాన్ని ఆ కొలబద్దతో కొలిస్తే ఏం తేలుతుందో చూద్దాం.

ముందే ఒక మాట. మధ్యయుగపు ఇంగ్లండు సమాజం, మన కుల సమాజం ఒకటి కావు. అక్కడ పుట్టుకను బట్టి అంతస్తులు ఉన్నాయి గానీ అంటరానితనం లేదు. భూస్వామికి కట్టుబడిన రైతు పట్నానికి పారిపోయి ఏడాది మీద ఒక రోజు పట్టుబడకుండా ఉంటే చాలా పట్టణాల్లో స్వేచ్ఛ దొరికేది. మన దగ్గర ఏ పట్నానికి పోయినా అద్దె ఇల్లు అడిగేసరికి కులం బయటపడుతుంది. ఈ తేడాను మనసులో పెట్టుకునే చదవాలి.

బల్ల ఎందుకు గుండ్రం?

రౌండ్ టేబుల్ అనగానే మన పాఠకులకు 1930-32 మధ్య లండన్‌లో జరిగిన సమావేశాలు గుర్తుకొస్తాయి. అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ అంటరానివాళ్ల ప్రతినిధులుగా వెళ్లి కూర్చున్నవి. ఆ మాట వెనక చాలా పాత ఊహ ఉంది. బల్ల గుండ్రంగా ఉంటే దానికి తలవైపు, కాళ్లవైపు అంటూ ఉండవు. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. 1155లో వాస్ అనే కవి ఫ్రెంచిలో ఆర్థర్ కథ రాస్తూ ఈ బల్ల సంగతి చెప్పాడు. మనకు దొరికినంతలో అదే మొదటి ప్రస్తావన. ప్రభువుల్లో ఎవరికి వాళ్లే గొప్పని పేచీ పడుతుంటే, అందరూ సమానంగా కూర్చోవడానికి రాజు దాన్ని చేయించాడంటాడు.

కొన్ని దశాబ్దాలకు లాయమన్ అనే క్రైస్తవ గురువు అదే కథను ఇంగ్లీషులో పెంచి చెప్పాడు. ఇందులో విందు దగ్గర కొట్లాట జరుగుతుంది, రక్తం కారుతుంది. తగువు మొదలుపెట్టినవాణ్ని చంపించడంతో ఆర్థర్ ఊరుకోడు. వాడి దగ్గరి చుట్టాల్లో ఆడవాళ్ల ముక్కులు కొయ్యమని కూడా ఆజ్ఞ ఇస్తాడు. (ఇక్కడ ఎవరికైనా శూర్పణఖ గుర్తుకొస్తే తప్పు మాది కాదు.) ఆ తర్వాత కార్న్‌వాల్‌లో ఒక పనివాడు రాజును కలిసి, పదహారు వందల మందికి పైగా కూర్చునే బల్ల చేసి పెడతానంటాడు. చేసి పెడతాడు కూడా. ఆ పైన కథలో ఆ వడ్రంగి ఎక్కడా కనిపించడు. సమానత్వానికి గుర్తుగా లోకమంతా చెప్పుకునే బల్లను చెక్కినవాడికి ఆ బల్ల దగ్గర పీట లేదు.

అంటే బల్ల తీర్చిన తగువు ప్రభువుల మధ్య తగువు. వాళ్లలో వాళ్లకు హెచ్చుతగ్గులు లేకుండా చేసింది. వాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య ఉన్న హెచ్చుతగ్గుల జోలికి అది పోలేదు.

ప్రమాణం

మనం ఇవాళ 'నైట్ల ప్రమాణం' అని చెప్పుకునేది సర్ థామస్ మాలరీ రాసింది. తాను నైట్‌నని, ఖైదీనని ఆయనే పుస్తకంలో చెప్పుకున్నాడు. అప్పటికే ఫ్రెంచిలో, ఇంగ్లీషులో ఉన్న కథలను ఒకచోట చేర్చి 1469-70 ప్రాంతంలో ముగించాడు. విలియం కాక్స్టన్ 1485లో దాన్ని అచ్చు వేశాడు. ఈ మాలరీ ఎవరన్నదాని మీద ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునే మనిషి వార్విక్‌షైర్‌లోని న్యూబోల్డ్ రెవెల్‌కు చెందిన భూస్వామి. ఆయన మీద 1450ల్లో దోపిడీ, దాడి కేసులతో పాటు, పెళ్లయిన ఒక స్త్రీని చెరిచాడన్న అభియోగం కూడా ఉంది. విచారణ ఎన్నడూ జరగలేదు. అభియోగాల వెనక రాజకీయ కక్షలున్నాయనే వాళ్లూ ఉన్నారు. రచయిత బతుకును పట్టుకుని పుస్తకాన్ని కొట్టిపారెయ్యడం మా పద్ధతి కాదు. పైగా మన పనికి పుస్తకమే చాలు.

ఆర్థర్ పెళ్లితో ఈ ఘట్టం మొదలవుతుంది. పెళ్లికూతురు గునెవెర్ తండ్రి ఆ గుండ్రబల్లను, దానితో పాటు 100 మంది నైట్లను అల్లుడికి పంపుతాడు. బల్ల 150 మందికి సరిపోయేది. మిగతా 50 మందిని వెతకమని మెర్లిన్ అనే మంత్రగాణ్ని పంపితే, ఆయన రాజ్యం గాలించి 28 మందిని తెస్తాడు. అంతకు మించి యోగ్యులు దొరకలేదట! ఎక్కడెక్కడ వెతికాడో, ఏ గడపలు తొక్కాడో కథ చెప్పదు.

పెళ్లి వేడుకల్లో మూడు సాహసాలు జరుగుతాయి. అవి ముగిశాక రాజు తన నైట్లలో భూముల్లేని వాళ్లకు భూములిచ్చి, అందరిచేతా ఒట్టు వేయిస్తాడు. దౌర్జన్యం చెయ్యకూడదు, హత్య చెయ్యకూడదు. ద్రోహానికి ఆమడ దూరంలో ఉండాలి. క్రూరత్వం కూడదు, శరణు అడిగినవాడికి ప్రాణం వదలాలి. తప్పితే నైట్ గౌరవమూ ఆర్థర్ అండా శాశ్వతంగా పోతాయి. దొరసానులకు, వాళ్ల కన్యలకు, గొప్పింటి ఆడవాళ్లకు ఎప్పుడూ సాయపడాలి, లేకపోతే మరణశిక్ష. లోకంలోని ఏ సొత్తుకు ఆశపడీ అన్యాయమైన తగువులో కత్తి పట్టకూడదు. గుండ్రబల్ల నైట్లందరూ, ముసలివాళ్లూ పడుచువాళ్లూ, ఏటేటా పెంతెకొస్తు పండుగనాడు ఈ ఒట్టు మళ్లీ వేసేవాళ్లు.

ఈ నియమాలు గాల్లోంచి ఊడిపడలేదు. అంతకు ముందు మూడు సాహసాల్లో జరిగిన తప్పులే నియమాలయ్యాయి. గవెయిన్ అనే నైట్, ఓడిపోయి శరణన్న నైట్ మీద జాలి చూపడు. కత్తి ఎత్తేసరికి వాడి ప్రియురాలు అడ్డంపడుతుంది, ఆమె తల తెగుతుంది. రాణి, ఆమె చుట్టూ ఉన్న స్త్రీలు గవెయిన్‌ను నిలదీసి, ఇక బతికినంతకాలం స్త్రీల తరఫున పోరాడాలని, శరణన్నవాణ్ని వదలాలని తీర్పు చెబుతారు. ఇంకొకడు రాజు పెల్లినోర్. దారిలో గాయపడ్డ నైట్‌ను ఒళ్లో పెట్టుకుని సాయం చెయ్యమని ఏడ్చిన యువతిని దాటి, తన పని తొందరలో గుర్రం దౌడు తీయిస్తాడు. ఆమె చనిపోతుంది. తీరా చూస్తే ఆమె పెల్లినోర్ కూతురే. శరణన్న మాట, స్త్రీలకు సాయమన్న మాట ప్రమాణంలోకి వచ్చింది ఇలాగ. తప్పు జరిగింది, కొలువులో మాట్లాడుకున్నారు, నియమం పెట్టుకున్నారు. ఇంతవరకు బాగానే ఉంది.

అదే పెళ్లిలో, అదే కొలువులో, మూడో తప్పు కూడా బయటపడింది.

పాలు పితికే అమ్మాయి

మూడు సాహసాలూ మొదలుకాక ముందే ఒక పేదవాడు కొలువుకు వస్తాడు. పేరు ఎయిరిస్, పశువులు కాసుకునేవాడు. వెంట బక్కచిక్కిన గుర్రం మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడు టోర్. పెళ్లినాడు రాజు అడిగింది ఇస్తాడని విన్నాను, నా కొడుకును నైట్‌ను చెయ్యమని అడుగుతాడు. ఇది నీ కోరికా, వాడి కోరికా అని రాజు అంటే, వాడిదేనంటాడు. నాకు పదమూడు మంది కొడుకులు, మిగతావాళ్లంతా ఏ పని చెప్పినా సంతోషంగా చేస్తారు, వీడొక్కడు మాత్రం నేను చెప్పినా వాళ్లమ్మ చెప్పినా పని ముట్టడు, ఎప్పుడూ బాణాలు వెయ్యడం, పోట్లాటలు చూడటం, నైట్ల వెంట తిరగడం - ఇదీ ఆ తండ్రి మొర. రాజు మిగతా కొడుకులనందరినీ పిలిపించి చూస్తాడు. అందరూ తండ్రి పోలికే. టోర్ ఒక్కడిదే వేరే పోలిక.

టోర్ నైట్ అయ్యాక మెర్లిన్ అసలు గుట్టు విప్పుతాడు. వీడి తండ్రి పశువుల కాపరి కాదు, రాజు పెల్లినోర్ అంటాడు. కాపరి నమ్మడు. అతని భార్యను పిలిపిస్తారు. ఆమె నిండు కొలువులో చెబుతుంది. పెళ్లికాక ముందు పాలు పితకడానికి పోతే ఒక కరుకు నైట్ ఎదురుపడి, సగం బలవంతంగా తనను చెరిచాడని, తన వెంట ఉన్న వేటకుక్కను కూడా, నీ గుర్తుగా ఉంచుకుంటానని చెప్పి పట్టుకుపోయాడని.

ఈ చోట పుస్తకాన్ని కాసేపు మూసి ఆలోచించాలి. ఒక పనిమనిషి కొలువులో నిలబడి, రాజు ముందు, తన మీద జరిగిన బలాత్కారం గురించి సాక్ష్యం ఇచ్చింది. ఎవరు చేశారో కూడా తేలింది. అప్పుడు ఎవరేమన్నారు? భర్త, ఇది నేననుకోలేదు గానీ నమ్మొచ్చు, వీడికి నా గుణం ఒక్కటీ రాలేదు అన్నాడు. కొడుకు ఒక్కడే మా అమ్మను అవమానించకండి అన్నాడు. మెర్లిన్ దానికిచ్చిన జవాబు ఏమంటే, ఇందులో నీకు నష్టం కంటే గౌరవమే ఎక్కువ, నీ తండ్రి రాజు, నిన్నూ మీ అమ్మనూ పైకి తేగలడు, పైగా నువ్వు ఆమె పెళ్లికాక ముందు కడుపున పడ్డావు అని. అయితే నాకు బాధ తక్కువే అన్నాడు భర్త. ఆమెను ఏమీ అడగలేదు. మర్నాడు పెల్లినోర్ కొలువుకు వచ్చి కొడుకును చూసి మురిసిపోయాడు. గుండ్రబల్ల దగ్గర అతనికి గొప్ప ఆసనం ఇచ్చారు. గవెయిన్ ఆ ఆసనం చూసి కుళ్లుకున్నాడు. అది తన తండ్రిని పెల్లినోర్ చంపాడన్న పగ వల్లే గాని, ఈ సంగతి వల్ల కాదు.

గవెయిన్ తప్పుకు తీర్పు వచ్చింది. కూతురి విషయంలో పెల్లినోర్ నిందపడ్డాడు. పాలు పితికే అమ్మాయి విషయం మాత్రం అసలు తప్పుగానే నమోదు కాలేదు. ఒక నైట్ పుట్టుకకు ఆధారంగా నమోదైంది. ఆమె పేరేమిటో కూడా పుస్తకం చెప్పదు. వేటకుక్క ఏమైందో కూడా చెప్పదు.

ఇక్కడ ప్రమాణంలోని మాటలను మళ్లీ చూడాలి. సాయం ఎవరికి చెయ్యాలి? లేడీలకు, డామోసెళ్లకు, జెంటిల్‌వుమెన్‌కు. ఇవి 'ఆడవాళ్లు' అనడానికి మూడు పర్యాయపదాలు కావు, మూడూ అంతస్తును చెప్పే మాటలు. గొడ్లసావిట్లో ఉన్న ఆడది ఈ మూడింటిలో ఏదీ కాదు.

ఇంకో విషయం ఉంది, చాలా పాఠ్యపుస్తకాల్లో రాదు. కాక్స్టన్ అచ్చులో ఈ నియమం 'సాయం చెయ్యాలి' దగ్గర ఆగిపోతుంది. 1934లో వించెస్టర్ కళాశాలలో వాల్టర్ ఓక్‌షాట్ అనే అధ్యాపకుడికి మాలరీ పుస్తకం చేతిరాత ప్రతి దొరికింది. యూజీన్ వినావర్ దాన్ని పరిష్కరించి 1947లో ప్రచురించాడు. అందులో ఈ చోట విధవల పేరు కూడా ఉంది, ఇంకా ఎక్కువ మాట ఉంది: వాళ్ల హక్కుల్లో వాళ్లకు బలం ఇవ్వాలి, వాళ్లను ఎన్నడూ బలాత్కరించకూడదు, తప్పితే మరణశిక్ష. అంటే నైట్ల ఆదర్శాలను నెత్తిన పెట్టుకున్న టెన్నిసన్ కాలం, బేడెన్ పవెల్ కాలం, ఆ ఆదర్శాల్లోని అతి ముఖ్యమైన మాట లేని ప్రతినే చదివింది. ఆ మాట అచ్చులో ఎందుకు పోయిందన్నది వేరే చర్చ. మనకు కావలసింది, ఆ మాట ఉన్న ప్రతిలో కూడా 'వాళ్లను' అంటే ఎవరిని అన్నది మారలేదు. పెల్లినోర్ ఆ ఒట్టు వేసినవాళ్లలో ఒకడు. ఒట్టు ప్రకారం అతను చేసింది నేరం కాదు.

ఇది మాలరీ ఒక్కడి ఊహ అనుకోకూడదు. 1180ల ప్రాంతంలో ఆంద్రేయాస్ అనే గురువు లాటిన్‌లో ప్రేమ గురించి ఒక శాస్త్రగ్రంథం రాశాడు. దొరసానుల దగ్గర ఎంత మర్యాదగా, ఎంత ఓపికగా మాట్లాడాలో అధ్యాయాలకు అధ్యాయాలు చెప్పి, రైతుకూలీల ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి చిన్న అధ్యాయంలో తేల్చేశాడు. వాళ్లు పశువుల్లాగా కలుస్తారు, వాళ్లకు ప్రేమ తెలియదు, ఎవరి మీదనైనా మనసుపడితే చోటు చూసుకుని కాస్త బలవంతం చెయ్యడానికి వెనకాడొద్దు అని. వ్యంగ్యంగా రాశాడనే పండితులు ఉన్నారు. ఉండొచ్చు. పాలు పితికే అమ్మాయికి ఎదురైన నైట్‌లో వ్యంగ్యం ఏమీ లేదు.

బండివాడు

హత్య చెయ్యకూడదన్నది ప్రమాణంలో తొట్టతొలి నియమాల్లో ఒకటి. అందరికంటే గొప్ప నైట్‌గా పేరుపడ్డవాడు లాన్సెలాట్. రాణిని మెలియగాంట్ అనే ప్రభువు ఎత్తుకుపోతే, విడిపించడానికి లాన్సెలాట్ బయల్దేరతాడు. దారిలో గుర్రాన్ని చంపేస్తారు. కవచం బరువుతో నడవలేక ఆయాసపడుతుంటే కట్టెల కోసం పోతున్న బండి ఒకటి కనబడుతుంది, ఇద్దరు బండివాళ్లతో. ఎక్కించుకోమంటాడు. బండివాడు కుదరదంటాడు, మా దొరకు కట్టెలు తేవాలంటాడు. మీ దొరతోనే నాకు పని అంటాడు లాన్సెలాట్. ఎక్కనివ్వనంటాడు బండివాడు. ఇనప తొడుగు ఉన్న చేత్తో లాన్సెలాట్ ఒక్క దెబ్బ వేస్తాడు. వాడు అక్కడికక్కడే చచ్చిపడతాడు. రెండోవాడు వణికిపోయి, దొరా చంపొద్దు, ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోతానంటాడు. బండి కదులుతుంది.

కత్తి లేనివాడు, కవచం లేనివాడు, తనకు ఒప్పజెప్పిన పని చేసుకుంటున్నవాడు. వాడికి శరణు అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు. పుస్తకం ఈ సంఘటనను రెండు మూడు వాక్యాల్లో దాటిపోతుంది. ఆ తర్వాత కథలో దీని గురించి బాధ, తీర్పు, పరిహారం ఏమీ లేవు. తర్వాత చర్చ అంతా ఒక నైట్ బండెక్కి రావడం ఎంత నామోషీ అన్నదాని మీద. చూసినవాళ్లు ఎవరో నైట్‌ను ఉరికంబానికి తీసుకుపోతున్నారేమో అనుకుంటారు. బండి ఎక్కినందుకు లాన్సెలాట్‌కు ఒక మారుపేరు కూడా వచ్చింది. బండివాణ్ని చంపినందుకు ఏ పేరూ రాలేదు.

ఇదే లాన్సెలాట్ ఇంకోచోట, దారికాసి ఆడవాళ్లను చెరిచే ఒక నైట్ సంగతి విని మండిపడతాడు. నైట్ అయ్యుండి దొంగా, చెరిచేవాడా, వేసుకున్న ఒట్టుకు ద్రోహం కదా అంటాడు. ఆ కోపం దొంగకోపం కాదని మేం అనుకుంటున్నాం. ఆయనకు ఒట్టు గుర్తుంది. దాన్ని నమ్ముతాడు. నమ్ముతూనే బండివాణ్ని చంపగలిగాడు, ఎందుకంటే ఆయన దృష్టిలో అది ఒట్టుకు సంబంధించిన విషయమే కాదు. వేషధారిని తిట్టిపోయొచ్చు. నిజాయితీగా ఒట్టు నిలబెట్టుకుంటూ ఈ పని చేసినవాణ్ని అర్థం చేసుకోవడమే కష్టం, అదే అవసరం కూడా.

వంటింటి కుర్రాడు

పుట్టుక తక్కువైనవాళ్లు ఈ బల్ల దగ్గరికి రాలేదా అంటే, వచ్చినట్టే కనిపిస్తారు. టోర్ ఒకడు. గారెత్ మరొకడు. గారెత్ పేరు చెప్పకుండా కొలువుకు వచ్చి, ఏడాదిపాటు తిండి పెట్టమని అడుగుతాడు. కొలువు వ్యవహారాలు చూసే కే, వీడు కచ్చితంగా విలన్ పుట్టుక పుట్టినవాడే, గొప్పింటివాడైతే గుర్రం, కవచం అడిగేవాడు గానీ కూడు అడుగుతాడా అని ఎద్దేవా చేసి వంటింట్లో పడేస్తాడు. ఏడాది తర్వాత గారెత్ ఒక యువతికి సాయంగా బయల్దేరితే, ఆమె దారిపొడుగునా ముక్కు మూసుకుంటుంది. నీ ఒంటినిండా వంటింటి కంపు, నీ బట్టలకు జిడ్డు, దూరంగా నడువు అంటుంది. అతను ఒక్కొక్క నైట్‌నే ఓడిస్తుంటే అది అదృష్టమే గానీ పరాక్రమం కాదంటుంది. ఈ మాటలు మన విద్యార్థులకు వివరించి చెప్పనక్కర్లేదు. కానీ చివరికి గారెత్ రాజు లాట్ కొడుకని, సాక్షాత్తూ ఆర్థర్ మేనల్లుడని తేలుతుంది. కంపు మాయమైపోతుంది.

ఆ 'విలన్' అన్న మాట మన సినిమాల్లోదే. మొదట్లో దానికి దుర్మార్గుడని అర్థం లేదు. ప్రభువు భూమికి కట్టుబడి, ఆయన పొలంలో వెట్టి చేసే రైతు అని అర్థం. పొలం దున్నేవాడి పేరు తిట్టుగా మారింది, పుట్టుకను చెప్పే 'జెంటిల్' మంచితనానికి పేరైంది. మాల, మాదిగ మాటలు తిట్లుగా వాడే నోళ్లు మనకు కొత్త కాదు.

కథ చేసే పని ఏమిటో గమనించండి. పశువుల కాపరి కొడుక్కీ, వంటింటి కుర్రాడికీ తలుపు తెరుస్తుంది. చదివేవాడికి ఆశ పుడుతుంది. లోపలికి వచ్చాక వాళ్లు రాజుల కొడుకులని తేల్చి, పరాక్రమం రక్తంలోనే ఉంటుందని రుజువు చేస్తుంది. కర్ణుడి కథలో మనం చూసిన మెలికే ఇది. సూతుడు విలువిద్యలో అర్జునుడికి సమానమని ఒప్పుకోవలసి వచ్చినప్పుడు, కథ అతన్ని సూతుడిగా ఉండనివ్వదు, కుంతి కొడుకును చేస్తుంది. నిజంగా అడవిబిడ్డ అయిన ఏకలవ్యుడికి ఆ సౌకర్యం లేదు కాబట్టి బొటనవేలు పోయింది.

రైతు పేరున్న ప్రమాణం

ఆ కాలంలో రైతుల ఊసు ఎవరికీ తట్టేది కాదు, మనం ఇప్పటి కళ్లతో చూస్తున్నాం అని కొందరనొచ్చు. చరిత్ర ఆ మాటను నిలబడనివ్వదు. మాలరీకి నాలుగైదు వందల ఏళ్ల ముందు ఫ్రాన్సులో గుర్రమెక్కి ఊళ్ల మీద పడే సాయుధులను అదుపు చెయ్యడానికి చర్చి పెద్దలు సభలు పెట్టారు. 989లో షారూ సభ, రైతులకూ ఇతర పేదలకూ చెందిన గొర్రెలు, ఎద్దులు, గాడిదలు, ఆవులు, మేకలు, పందులు దోచుకునేవాళ్లను శపించింది. 1023లో బోవే బిషప్ వారిన్ ఒక ప్రమాణపత్రం తయారుచేసి రాజు ముందు పెట్టాడు. అందులో విలన్లను, వాళ్ల ఆడవాళ్లను పట్టుకుపోను, వాళ్ల డబ్బు గుంజుకోను, ఇళ్లు తగలబెట్టను, ద్రాక్షతోటలు నరకను, మర పగలగొట్టను అని సాయుధుడు ఒట్టు వెయ్యాలి.

దీన్ని కూడా మరీ ఎత్తుకోనక్కర్లేదు. ఇలాంటి ప్రమాణాల్లో సొంత భూమి మీద ఉన్నవాళ్ల విషయంలో మినహాయింపులు మామూలే. పక్క దొర రైతును దోచకు, నీ రైతు సంగతి నీ ఇష్టం అన్నట్టు. అయినా ఎద్దు పేరుంది, మర పేరుంది, విలన్ పేరుంది. బాధపడేవాడు ఎవరో, ఏం పోగొట్టుకుంటాడో రాసినవాడికి తెలుసు. నిజంగా కత్తికి భయపడి రాసిన ప్రమాణంలో రైతు ఉన్నాడు. నాలుగు శతాబ్దాలు గడిచాక, ఆదర్శంగా ఊహించి రాసిన ప్రమాణంలో లేడు.

కూలివాళ్ల ఒట్టు

కల్పిత నైట్లను నిజం చెయ్యాలని చూసినవాడు ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డు. 1344లో విండ్సర్ కోటలో వేడుకలు చేసి, ఆర్థర్‌లాగా 300 మంది నైట్లతో గుండ్రబల్ల పెడతానని ఒట్టు వేసి, భవనం కూడా మొదలుపెట్టాడు. అది పూర్తి కాలేదు. 1348 ప్రాంతంలో దాని బదులు 26 మందితో గార్టర్ బృందం పెట్టాడు. అది ఇప్పటికీ ఉంది.

అదే 1348లో ప్లేగు ఇంగ్లండుకు వచ్చింది. జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారని చరిత్రకారుల అంచనా. బతికిన కూలివాళ్లకు గిరాకీ పెరిగింది, ఎక్కువ కూలి అడిగారు. ఎడ్వర్డు 1349లో ఆజ్ఞ తెచ్చాడు. బతకడానికి సొంత భూమి లేని, అరవై ఏళ్ల లోపు ఆడా మగా ఎవరైనా సరే, పిలిచినవాడి దగ్గర ప్లేగుకు ముందటి కూలికే పని చెయ్యాలి. అది చాలక 1351లో పార్లమెంటు చట్టం చేసింది. కలుపుతీతకూ ఎండుగడ్డి పనికీ రోజుకు ఒక పెన్నీ. కోతకు ఆగస్టు మొదటి వారం రోజుకు రెండు పెన్నీలు, ఆ తర్వాత మూడు. కూలివాళ్లు పనిముట్లు చేతిలో అందరికీ కనబడేలా పట్టుకుని సంతకు వచ్చి, బహిరంగంగా ఒకచోట నిలబడాలి, చాటుగా బేరం కుదుర్చుకోకూడదు. మన అడ్డా కూలీల లాగానే, కాకపోతే కూలి ముందే చట్టంలో రాసి ఉంటుంది. చలికాలం ఏ ఊళ్లో ఉన్నారో, ఎండాకాలం ఆ ఊళ్లో పని ఉండగా వేరే ఊరు పోకూడదు.

ఆ చట్టంలో ఒక ప్రమాణం కూడా ఉంది. కూలివాళ్లు ఏడాదికి రెండుసార్లు ఊరి ప్రభువు, ఆయన గుమాస్తాలు, కానిస్టేబుళ్ల ముందు నిలబడి ఈ నియమాలకు కట్టుబడి ఉంటామని ఒట్టు వెయ్యాలి. వెయ్యనన్నవాణ్ని మూడు రోజులు, ఇంకా ఎక్కువైనా, బొండకొయ్యలో బిగించాలి, లేదా జైలుకు పంపాలి. అందుకని ఊరూరా బొండకొయ్యలు చేయించమని కూడా చట్టం చెప్పింది. వాటిని చేసింది ఆ ఊళ్ల వడ్రంగులే అయ్యుండాలి.

కథలో నైట్లు ఏడాదికొకసారి పండుగనాడు విందు మధ్య ఒట్టు వేస్తారు. తప్పితే ముందు పోయేది గౌరవం. నిజంలో కూలివాళ్లు ఏడాదికి రెండుసార్లు వేస్తారు. తప్పితే కాళ్లు కొయ్యలో ఇరుక్కుంటాయి. మొదటి ఒట్టులో, ఉన్న అధికారంలో కొంత వదులుకుంటామని చెప్పడం ఉంది. రెండో ఒట్టు వేసేవాడికి వదులుకోవడానికి చేతుల కష్టం తప్ప ఏమీ లేదు, దాన్నే వదులుకోమంటారు. ఎయిరిస్ మొరను ఇప్పుడు మళ్లీ వినండి. టోర్ పని ముట్టనంటే అది రాజరక్తానికి గుర్తు. చెప్పిన పనల్లా చేసే మిగతా పన్నెండు మంది అన్నదమ్ముల్లో ఒకడు ఆ రాజ్యంలో నిజంగా ఉండి, ఈ కూలికి రాననుంటే, వాడికి బొండకొయ్య.

ఈ చట్టాల మీద, వెట్టి మీద, తలపన్ను మీద పేరుకున్న కోపం 1381 జూన్‌లో పగిలింది. కెంట్, ఎసెక్స్ జనం లండన్ మీదికి నడిచారు. 14న మైల్ ఎండ్ దగ్గర, ఎడ్వర్డు మనవడు, పద్నాలుగేళ్ల రెండో రిచర్డు, వాళ్లకు మాట ఇచ్చాడు. వెట్టి రద్దు, ఎకరాకు నాలుగు పెన్నీల శిస్తు. గుమాస్తాలు కూర్చుని పత్రాలు రాసి ఇచ్చారు. చాలామంది వాటిని పట్టుకుని ఇళ్లకు పోయారు. మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో, రాజుతో మాట్లాడటానికి ముందుకు వచ్చిన నాయకుడు వాట్ టైలర్‌ను లండన్ మేయర్ విలియం వాల్వర్త్ పొడిచాడు. ఆ సాయంత్రమే రాజు వాల్వర్త్‌ను నైట్‌ను చేశాడు. జులై 2న పత్రాలన్నీ చెల్లవని ప్రకటించాడు.